శివరాత్రి లోపల మిద్దె మీది ఆకుకూరలు

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందని మన పెద్దలంటారు. చలితోపాటు కొత్తిమిరి కూడా పోతుందని, ప్రొద్దుటూరికి కాపురానికొచ్చిన చాన్నాళ్లకుగాని నాకు తెలియలేదు. ఎండ ముదిరిందంటే కొత్తిమిరి ఆకు పెట్టదు. కాడ సాగి, తెల్లగా పూత పూసి, విత్తనానికి పోతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఆగదు. అందుకని డబ్బాల్లో కొత్తిమిరి, మెంతాకు వేసుకోదలచినవారు సంక్రాంతి పోగానే మొదలుపెట్టాలి.

తొట్లు కొననక్కరలేదు. పాత నూనె డబ్బా, చిల్లిపడిన బిందె, ఏదైనా జానెడు లోతుంటే చాలు. అడుగున నాలుగైదు చిల్లులు మాత్రం మరవకండి. మా పుట్టిల్లు జమ్మలమడుగు, అక్కడ నల్లరేగడి. చేలో అది బంగారమే గాని, డబ్బాలో ఎండితే రాయి, తడిస్తే బంక. సగం ఎర్రమన్ను, పావువంతు బాగా చివికిన పశువుల ఎరువు, పావువంతు పెన్న ఇసుక కలుపుకోండి.

ఒక్కో ధనియంలో రెండు విత్తులుంటాయి. పీట మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా నలిపితే రెండు బద్దలవుతాయి. రాత్రి నానబెట్టి పొద్దున చల్లాలి. మొలవడానికి పది రోజులైనా పడుతుంది, తొందరపడి మన్ను కెలకొద్దు. నేను కెలికి చెడగొట్టుకున్నదాన్నే! మెంతులు నాలుగైదు రోజుల్లోనే మొలుస్తాయి, మూడు వారాలు దాటితే కోతకొస్తాయి. పుదీనాకైతే అంగడి కట్టలోని ముదురు కాడలు గుచ్చితే చాలు.

ఇక నీళ్ల సంగతి. పులివెందులలో మా చెల్లెలు పోయిన ఏడు నా మాట విని పది డబ్బాలు వేసింది. బోరు నీళ్లు పోసింది. మూడోవారానికి మన్ను మీద సున్నం చల్లినట్టు తెల్లపొర కట్టింది, మెంతాకు అంచులు మాడిపోయాయి. “నీ మాట విని ఇన్ని నీళ్లు దండగ చేసుకుంటి గదక్కా” అనింది. బిందెలు లెక్కపెట్టుకుని వాడుకునే ఇల్లు అది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉప్పునీళ్లు రోజూ కొంచెం కొంచెం చల్లితే నీరు ఆవిరై ఉప్పు మన్నులోనే మిగిలిపోతుంది. ఏ నీళ్లు పోస్తావని నేను ముందే అడగాల్సింది.

తర్వాత ఆమె డబ్బాల్లో మన్ను మార్చి మళ్లీ విత్తింది. మంచినీళ్లతో బియ్యమూ, పప్పూ కడిగి, ఆ కడుగునీళ్లు ఎత్తిపెట్టి పోసింది. ఉప్పు వేసినవి, సబ్బు నీళ్లు కలపనీయలేదు. అవి నాలుగు డబ్బాలకే సరిపోయాయి. మిగతా ఆరూ బోర్లించేసింది. ఆ నాలుగూ బ్రతికాయి. మీరూ కడుగునీళ్లు ఎన్ని మిగులుతాయో చూసుకునే డబ్బాలు పెట్టండి. బోరు నీళ్లు తప్పనివారు పాలకూర వేసుకోండి, అది ఉప్పుకు కొంత ఓర్చుకుంటుంది.

నాపబండలు పరిచిన మిద్దె మధ్యాహ్నానికి పెనమవుతుంది. డబ్బా కింద రెండు ఇటుకలు పెట్టి, పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం గోడనీడ పడేచోట ఉంచండి.

లేత మెంతాకు, కొత్తిమిరి బాగా కడిగి, సన్నగా తరిగి, ఎర్రగడ్డ, నిమ్మరసం కలిపి సంగటిలోకి పచ్చిగానే నంచుకోవచ్చు. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మపులుపు సాయపడుతుంది. పట్నాల్లో డబ్బు పోసి కొనే లెట్యూస్ ఆకుకంటే నాకిదే రుచి.

శివరాత్రి దాటాక అవే డబ్బాల్లో తోటకూర, గోంగూర వేయండి, అవి ఎండకు జంకవు. మా చెల్లెలు ఈ ఏడు అయిదో డబ్బా కూడా నింపిందట. నీళ్లెక్కడివని ఈసారి ముందే అడిగాను. కూరగాయలు కడిగినవీ ఎత్తిపెడుతోందట.