మునిసిపల్ సభలో మన మాట

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మునిసిపల్ కౌన్సిల్లో తీర్మానాలు ఎలా పుడతాయో, ఎలా చస్తాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. పుట్టడం, చావడం అన్న మాటలు వారివే. జనన మరణాల రిజిస్టరు కూడా మునిసిపాలిటీదే గనుక ఆ మాటలు బాగానే అతికాయి.

మన సంఘం ఏటా పిల్లలకు పుస్తకాలిస్తుంది, పేద ఆడపిల్లల పెళ్లిళ్లకు సాయపడుతుంది, కుట్టుమిషన్లు పంచుతుంది. సంతోషమే. కాని మన వీధిలో కుళాయి రావాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా, జనాజా వెళ్లే దారిలో రాత్రిపూట దీపం వెలగాలన్నా మన చందాలతో అయ్యే పని కాదు. అది మనమందరం కట్టే పన్నుతో కావలసిన పని. రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. మంచినీరు, పారిశుధ్యం, పార్కులు, ఆటస్థలాలు, వీధిదీపాలు, మురికివాడల బాగు, పశువధశాలలు, ఖనన స్థలాలు, శ్మశానాలు అన్నీ అందులోవే. అంటే మనిషి పుట్టినప్పుడు పేరు రాయించుకునేది మొదలు మట్టిలో కలిసేవరకు ఈ కార్యాలయంతో తెగని సంబంధం. అయినా ఓటు వేసిన మర్నాటినుంచి కౌన్సిల్ హాలు వైపు తొంగిచూసేవాళ్లు ఎందరున్నారు?

మన తెలుగు నేలకు ఈ సంస్థలు నిన్న మొన్న వచ్చినవి కావు. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది. 1882లో లార్డ్ రిప్పన్ చేయించిన తీర్మానం తర్వాత ఎన్నికైన సభ్యులకు కాస్త చోటు పెరిగింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి కావడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే రాజమండ్రికి మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేశారు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పట్టణాలకు 1965లో ఒకే చట్టం వచ్చింది. తెలంగాణ 2019లో తన చట్టం తాను చేసుకుంది. చరిత్ర ఇంతటితో చాలు.

ఇక అసలు విషయం. కౌన్సిల్‌లో గెలిచేది గొంతు అని చాలామంది అనుకుంటారు. బల్లగుద్ది మాట్లాడిన సభ్యుడి ఫోటో పేపర్లో పడుతుంది, మనమూ మెచ్చుకుంటాం. కాని మేము అనేక సమావేశాలు ప్రేక్షకుల బెంచీమీద కూర్చుని చూసి చెబుతున్నాం: గెలిచేది కాగితం. అజెండాలోని అంశం, దాని కింద ఆఫీసువారు రాసిన నోటు, ఎస్టిమేటు, సర్వే నంబరు. ఆ నోటు చివర "కౌన్సిల్ వారి పరిశీలన, ఆమోదం నిమిత్తం వుంచడమైనది" అని వుంటుంది. సభలో గంటసేపు అరిచినా, మినిట్స్ పుస్తకంలో ఎక్కేది ఒకే ముక్క: "ఆమోదించడమైనది", లేదా "వాయిదా వేయడమైనది", లేదా "రికార్డు చేయడమైనది". ఈ మూడోదానికి అర్థం బీరువాలో పెట్టడమని అనుభవజ్ఞులు చెబుతారు.

మరొకటి వుంది, దాని పేరు టేబుల్ అజెండా. ముందుగా ఇళ్లకు పంపిన అజెండాలో లేని అంశం సమావేశం రోజున బల్లమీద ప్రత్యక్షమవుతుంది. అత్యవసరమైనవి కొన్ని అలా రాక తప్పదు. కాని మునిసిపల్ స్థలాలు, భవనాలు, లీజులకు సంబంధించినవి అలా వస్తే మాత్రం ప్రతి సభ్యుడూ కళ్లజోడు సవరించుకోవలసిందే. పూడ్చని గుంటను వచ్చే నెల పూడ్చవచ్చు. చేయిజారిన స్థలం మనుమల కాలానికి కూడా తిరిగి రాదు.

మా కళ్లముందు జరిగినదొకటి చెబుతాము. ఏ పట్టణమో మీలో చాలామందికి తెలుసు, పేరుతో పనిలేదు. బజారు రోడ్డుమీద ఒక పాత మునిసిపల్ ప్రసూతి కేంద్రం వుంది. ఇప్పుడక్కడ కాన్పులు లేవు గాని బుధవారం బుధవారం పసిపిల్లలకు టీకాలు వేస్తారు, గర్భిణీ స్త్రీలను చూస్తారు. చుట్టూ మన ఇళ్లు, చేనేతవారి ఇళ్లు, వెనక దళితవాడ. అజెండాలో అంశం ఇలా వచ్చింది: భవనం శిథిలావస్థలో వున్నది, స్థలం వ్యాపారానికి అనువైనది, కూల్చి దుకాణాలు కట్టి, గుడ్‌విల్ వేలం వేసి, వచ్చిన ఆదాయం సాధారణ నిధికి జమచేయుటకు.

ఒక సభ్యుడు లేచి, మునిసిపాలిటీకి సొంత ఆదాయం లేకపోతే పారిశుధ్య కార్మికులకు జీతాలెలా ఇస్తామన్నాడు. ఆయన మాటను తేలిగ్గా తీసేయకూడదు. దుకాణాల అద్దె లేకపోతే చాలా పట్టణాలకు గడవని మాట నిజం. ఇంకొకాయన, భవనం కూలి ఎవరిమీదైనా పడితే బాధ్యత ఎవరిదన్నాడు. అదీ సబబే. మన కో-ఆప్టెడ్ సభ్యులు చాలా ఆవేదనతో మాట్లాడారు. సభ గౌరవంగా విన్నది. అంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అల్పసంఖ్యాక వర్గాలనుండి కో-ఆప్టెడ్ సభ్యులను తీసుకునే ఏర్పాటు చట్టంలో వుంది. వారికి మాట్లాడే హక్కు వుంది గాని ఓటు లేదు. కాబట్టి వారు పెట్టే కేకకన్నా ఓటున్న సభ్యుడి చేతికి వారు అందించే కాగితం విలువైనది.

అప్పుడొక మహిళా కౌన్సిలర్ లేచారు. ఆమె మన వార్డు కాదు, మన మతమూ కాదు. "బుధవారం పిల్లల్నెత్తుకుని ఈ ఆడోళ్లు ఎక్కడికెళ్లాలండీ? నోటులో అది రాశారా?" అని అడిగారు. రాయలేదు. "వారానికి ఎంతమంది వస్తున్నారో రాశారా?" అదీ లేదు. కట్టబోయే దుకాణాలు ఎన్నో వుంది, వచ్చే అద్దె ఎంతో వుంది, వచ్చే తల్లుల లెక్క మాత్రం లేదు. అధ్యక్ష స్థానంలో వున్నవారు కాస్త ఆలోచించి, వివరాలతో మళ్లీ పెట్టమని అంశాన్ని వాయిదా వేశారు. రెండే ప్రశ్నలు! ఆవేశం లేదు, నినాదం లేదు.

వాయిదా గెలుపు కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు. అంశం మళ్లీ వస్తుంది.

డబ్బు లేదన్న జవాబు గురించి ఒక మాట. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు మురుగు కాలువలకోసం, మరుగుదొడ్లకోసం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. మునిసిపాలిటీవారు మా దగ్గర సొమ్ము లేదని సుప్రీంకోర్టుదాకా పోరాడారు. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ వాదనను తోసిపుచ్చారు. ప్రజారోగ్యం మునిసిపాలిటీకి చట్టం పెట్టిన విధి గనుక నిధుల కొరత పేరుతో దాన్ని తప్పించుకోవడానికి వీల్లేదన్నారు. ఆ ప్రజలు కూడా మనలాంటివాళ్లే, తమ వీధి కంపును భరించలేక నడిచినవాళ్లు.

ఆస్తుల సంగతికి లక్నో చూడండి. అమీనాబాద్‌లో ఝండేవాలా పార్కు వుంది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో సభలు జరిగిన చోటు. 1993లో అక్కడి మహాపాలిక పార్కు అడుగున దుకాణాల సముదాయం కట్టడానికి టెండరు పిలవకుండానే ఒక బిల్డరుకు అప్పగించింది. తీర్మానం వుంది, ఒప్పందం వుంది, అన్నీ కాగితం మీద వున్నాయి. హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు 1999లో దాన్నే ఖాయం చేసి, కట్టింది తీసేసి పార్కును పార్కుగా చెయ్యమన్నది. మునిసిపాలిటీ ప్రజల ఆస్తికి ధర్మకర్తే తప్ప యజమాని కాదని దాని సారాంశం. వక్ఫ్ ముతవల్లీని చూసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనవసరం లేదు. అయితే 1993 నుంచి 1999 దాకా, లెక్కపెట్టండి, ఆరేళ్లు. కోర్టుకన్నా కౌన్సిల్ హాలు దగ్గర.

ఖబరస్తాన్ గురించి ఇక్కడే అడుగుతారని మాకు తెలుసు, ప్రతి సభలోనూ అడుగుతున్నారు. మొదట ఆ స్థలం వక్ఫ్ గెజిట్‌లో వున్నదా, మునిసిపల్ రికార్డులో వున్నదా, రెవెన్యూవారి దగ్గర పోరంబోకుగా వున్నదా తేల్చుకోవాలి. మూడింటికీ మూడు దారులు. అది తేలకుండా ప్రహరీ గోడ కావాలని అర్జీ ఇస్తే, "మాది కాదు" అన్న జవాబు ఒక్క వాక్యంలో వస్తుంది. కాని ఖబరస్తాన్ దాకా వెళ్లే వీధి, దానిమీది దీపం, పక్కన పారే కాలువ మునిసిపాలిటీవే అయినప్పుడు, వాటిని గోడతో ముడిపెట్టకుండా విడిగా అడగండి. గోడ తగాదా తెగేలోపు దీపమైనా వెలుగుతుంది.

అసలు కౌన్సిలే లేని కాలాలూ వుంటాయని మరువకూడదు. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2014 మార్చిలో గాని జరగలేదు. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం చెబుతున్నా సరే. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. అధికారి మంచివాడైతే పని జరుగుతుంది, కాదనలేం. కాని బుధవారం పిల్లలెక్కడికెళ్లాలండీ అని లేచి అడిగే ఆడమనిషి ఆ గదిలో వుండదు. కౌన్సిలర్లు వట్టి దండగని విసుక్కునే మిత్రులు ఆ నాలుగేళ్లను ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

ఇప్పుడు మన చేతిలోని పని. పాత తీర్మానాల నకళ్లు సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ప్రసూతి కేంద్రం స్థలం ఏ సంవత్సరంలో, ఏ పనికోసం మునిసిపాలిటీకి దఖలుపడిందో ఆ కాగితాల్లో వుండాలి. దాతలెవరైనా షరతుతో ఇచ్చి వుంటే కథే మారుతుంది. దరఖాస్తు రాయడానికి మన యువకులు ఇద్దరు ఒప్పుకున్నారు. భవనం పాతదన్నది నిజం గనుక, కూల్చవద్దని మాత్రమే పట్టుబడితే మన మాట నిలవదు. కింద టీకాల గది, కాన్పుల గది, రోడ్డువైపు నాలుగు దుకాణాలు వచ్చేలా ఒక ప్లాను గీయించి ఇద్దాం. ఆదాయం అడిగిన సభ్యుడికీ అందులో జవాబు వుంటుంది. ఆయన్ను మనమే వెళ్లి కలవాలి. చేనేతవారి సంఘాన్నీ, దళితవాడ పెద్దలనూ వెంటబెట్టుకుని వెళ్లాలి. ఇది ముస్లింల గది అని ఎవరైనా పేరు పెట్టారంటే ఆ రోజుతో పని చెడుతుంది. నిజానికి అక్కడి బెంచీమీద కూర్చునేవాళ్లలో సగం మంది మనవాళ్లు కారు.

వాటన్నిటికన్నా ముందు కావలసింది లెక్క. ప్రతి బుధవారం ఎందరు తల్లులు, ఎందరు పిల్లలు, ఏ వీధినుంచి వచ్చారు అన్నది రాయాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఈ పని మగవాళ్లకన్నా మన చెల్లెళ్లు, అక్కలు చేస్తేనే బాగుంటుంది. తెల్లకాగితాల పుస్తకం ఒకటి కొని గీతలు గీయించి కార్యదర్శిగారి దగ్గర వుంచాము. వారానికి ఇద్దరు చొప్పున, ఒకరైనా తెలుగు రాయగలవారు, ఉదయం తొమ్మిది గంటలకు కేంద్రం దగ్గర వుండాలి. సభ ముగిశాక టీ ఇచ్చే చోట పుస్తకం వుంటుంది. పేర్లు అక్కడ రాయించండి.