శాస్త్రం చదివినవారు ఊరితో మాట్లాడాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

‘పదో తరగతి, ఇంటర్ పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది వస్తారు, కోర్సుల గురించి నాలుగు మాటలు చెప్పండి’ అని సంఘం వారు నన్ను కోరారు. నేను వ్యవసాయ విస్తరణ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంజనీరింగా, మెడిసినా అన్న చర్చ మీ అందరి ఇళ్లలో రోజూ జరిగేదే కాబట్టి అందులోకి వెళ్లను. శాస్త్రాన్ని వ్యాపారంతోనూ, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పే విద్యతోనూ, సమాజంతోనూ కలిపి నేర్పే చదువుల గురించి చెబుతాను. ఇవి ఎక్కడో విదేశాల్లో ఉండే చదువులనిపిస్తుంది. కానీ వాటి అవసరం గుండుగొలను చుట్టుపక్కలే ఉంది. వాటిలో కొన్ని మనకు అందుబాటులోనూ ఉన్నాయి.

ముందు అవసరం సంగతి చూద్దాం.

2020 డిసెంబరు మొదటి వారం మీకందరికీ గుర్తుంది. ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు ఆరు వందలు దాటారు. దేశంలోని పెద్ద పెద్ద సంస్థల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షించారు. ఒకరు సీసం, నికెల్ అన్నారు. ఇంకొకరు పురుగుమందులన్నారు. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం ప్రకటించింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది మాత్రం తేటగా తేలలేదు. ఆ రోజుల్లో ఇంటి ఇల్లాలు అడిగిన ప్రశ్నలు చాలా చిన్నవి. ఈ పూట కుళాయి నీళ్లు తాగొచ్చా? కూరగాయలు ఎలా కడగాలి? పిల్లాడికి పాలు పట్టొచ్చా? నివేదికల్లో ఉన్నది మిల్లీగ్రాముల లెక్క. ఇంట్లో కావలసింది అవుననో కాదనో ఒక మాట. ఈ రెంటి మధ్య నిలబడి, తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అని భయపెట్టకుండా, దాచకుండా చెప్పగల మనిషి కావాలి. అలాంటి మనిషి వాడంతట వాడు తయారవడు. చదివించి తయారు చేసుకోవాలి.

రెండోది మన చెరువుల సంగతి. కొల్లేటి చుట్టూ చేపల చెరువులు, తీరం వైపు వెళితే రొయ్యల చెరువులు. మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని మన రైతుకు తెలుసు. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చడం వల్ల నీటిలో ఆక్సిజన్ తగ్గుతుందన్న కారణం శాస్త్రం చెబుతుంది. ఇక్కడి వరకు బాగానే ఉంది. రొయ్య విదేశానికి వెళ్లేసరికి లెక్క మారుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి మందులు ఆక్వా సాగులో నిషిద్ధం. అక్కడి ప్రయోగశాలల్లో వాటి ఆనవాలును వంద కోట్లలో ఒక వంతు లెక్కన కొలుస్తారు. అంత సూక్ష్మమైన అంకె ఒక్కటి చాలు, కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. అప్పుడు కంపెనీ ధర తగ్గిస్తుంది. ఆ దెబ్బ చెరువు గట్టు మీదున్న చిన్న రైతుకు తగులుతుంది. ఇందులో రసాయన శాస్త్రం ఎంత, వ్యాపారం ఎంత అని విడదీసి చూపించగలరా? విడదీయలేం.

దీనికి మందు కూడా మన గోదావరి జిల్లాలోనే మొదలైంది. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తరువాత, 2002లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ మరొక అంతర్జాతీయ సంస్థతో కలిసి మొగల్తూరులో చిన్న రైతులను ఒక ఆక్వా క్లబ్బుగా కూర్చింది. పరీక్షించిన పిల్లను తెచ్చుకోవడం, దగ్గర దగ్గర రోజుల్లో చెరువుల్లో వదలడం, రోగమొస్తే నీళ్లు కాలువలోకి వదలకుండా పక్కవాడికి చెప్పడం వంటివి అందరూ కలిసి అనుకుని చేసే పనులు. ఒకడి చెరువు నీరు ఇంకొకడి చెరువులోకి వెళ్లేచోట ఒక్క రైతు శాస్త్రీయంగా ఉంటే లాభం లేదు. ఆ నమూనా ఆధారంగానే తరువాత 2007లో చిన్న ఆక్వా రైతుల సంఘాల కోసం ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రం ఏర్పడింది. ఇక్కడ పనిచేసింది కొత్త మందు కాదు. తెలిసిన శాస్త్రాన్ని ఊరి కట్టుబాటుగా మార్చగలగడమే పనిచేసింది.

మూడోది మెట్ట ప్రాంతపు ఆయిల్‌పామ్. పెదవేగిలో 1995 నుంచి దీనికోసమే జాతీయ పరిశోధనా సంస్థ ఉంది. గెలలు కోసిన తరువాత ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది కాబట్టి రైతు వాటిని నిల్వ చేసుకోలేడు. వెంటనే ఫ్యాక్టరీకి తోలాల్సిందే. 1993 చట్టం ప్రకారం ఏ మండలం గెల ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ధర నూనె దిగుబడి శాతం మీద ఆధారపడుతుంది. ఆ శాతంలో ఒక్క అంకె తేడా వస్తే టన్ను గెలలకు పది కిలోల నూనె తేడా. పక్క రాష్ట్రంలో ఆ శాతం ఎక్కువగా లెక్కిస్తున్నారని మన రైతులు ఏళ్ల తరబడి అడిగారు. ఆ శాతం ఎలా కొలుస్తారు, ఎక్కడ నమూనా తీస్తారు, కాయ పక్వానికి దానికి సంబంధమేమిటి అన్నది రైతు సంఘంలో ఒక్కరికి పూర్తిగా తెలిసినా బేరం తీరు వేరుగా ఉంటుంది. చేతిలో లెక్క ఉన్నవాడి మాటకు బరువుంటుంది.

కొల్లేరు సంగతి చెప్పకుండా ముగించలేను. 1999లో అభయారణ్యం, 2002లో రాంసర్ చిత్తడి నేల, 2006లో చెరువు గట్ల కూల్చివేత. వీటన్నిటి వెనకా ఒక గీత ఉంది. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉన్న కాంటూరు. సర్వే వారికి అది కాగితం మీద గీత. వేటకు వెళ్లే కుటుంబానికి అది బతుకుతెరువు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు నీరు నిలవడానికి చోటు కావాలన్నదీ నిజమే. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి అన్నదీ నిజమే. కొంగలకు, గూడకొంగలకు చోటు కావాలన్నదీ నిజమే. ఈ నిజాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడించడం ఒక విద్య. దాన్ని మనం ఇన్నాళ్లూ విద్యగా లెక్కపెట్టలేదు.

ఇప్పుడు కోర్సుల సంగతి.

మనకు దగ్గరలోని వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ బీఎస్సీ ఉద్యాన విద్యార్థి నేల, మొక్క, తెగుళ్లతో పాటు గ్రామీణ సమాజ శాస్త్రం, విస్తరణ విద్య, మార్కెటింగ్, వ్యాపార నిర్వహణ కూడా చదువుతాడు. చివరి సంవత్సరంలో ఊళ్లో ఉండి ఒక రైతు దగ్గర పని నేర్చుకుంటాడు. మీలో కొందరు చూసే ఉంటారు, రామాలయం ముందు నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, కాలువ ఎక్కడ, బోరు ఎక్కడ అని పెద్దవాళ్లను అడుగుతూ కూర్చున్న పిల్లలను. అది ఆట కాదు, పరీక్షకు మార్కులున్న పాఠం. మత్స్యశాస్త్రం చదవాలనుకునేవారికి నెల్లూరు జిల్లా ముత్తుకూరు కళాశాల ఉంది. మత్స్య విశ్వవిద్యాలయం కోసం 2020లోనే చట్టం వచ్చింది.

పైచదువుకు హైదరాబాదు ఉంది. అక్కడి ‘మేనేజ్’ సంస్థ 1987లో పుట్టింది. వ్యవసాయ డిగ్రీ ఉన్నవారికి వ్యవసాయ వ్యాపారంలో రెండేళ్ల డిప్లొమా నేర్పుతుంది. వారే 2003లో ఇంకొక మంచి పని మొదలుపెట్టారు. పురుగుమందుల కొట్టు నడిపేవారికి ఏడాది డిప్లొమా. వారానికొక క్లాసు, అదీ కొట్టుకు సెలవున్న రోజున. మన రైతు తెగులు వస్తే మొదట వెళ్లేది ఆ కొట్టుకే కదా! సలహా ఇచ్చే చోటికే శాస్త్రాన్ని పంపించడమన్నది నాకు చాలా నచ్చిన ఆలోచన. విజ్ఞానానికీ సమాజానికీ ఉన్న సంబంధాన్నే పరిశోధించాలనుకునేవారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కేంద్రం ఉంది.

మామూలు బీఎస్సీ చదివే పిల్లలనూ మరచిపోకూడదు. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ పాఠ్యక్రమం మార్చి, 180 గంటల సమాజ సేవా ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. కెమిస్ట్రీ చదివే అమ్మాయి ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి నివేదిక రాయాలి.

బయటి దేశాల్లోనూ ఇదే దారి. లండన్ ఇంపీరియల్ కాలేజీ 1991లోనే విజ్ఞాన ప్రసారంలో ఎమ్మెస్సీ పెట్టింది. అమెరికాలో 1997 నుంచి ఒక కొత్తరకం ఎమ్మెస్సీ వచ్చింది. అందులో శాస్త్రంతో పాటు వ్యాపారం, చట్టం, రాయడం, మాట్లాడటం నేర్పుతారు. పరిశోధనా వ్యాసానికి బదులు ఒక సంస్థలో పనిచేసి రావాలి.

అయితే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేయాలి. పేరు కొత్తగా ఉన్న ప్రతి కోర్సూ మంచిది కాదు. చేర్చేముందు మూడు సంగతులు అడగండి. ఒకటి, మూల శాస్త్రం ఎంత లోతుగా చెబుతారు? కెమిస్ట్రీ రానివాడు కెమిస్ట్రీ గురించి ఎంత తియ్యగా మాట్లాడినా అది అబద్ధపు తీపే. రెండు, పిల్లాడు తరగతి గది వదిలి ఎన్ని రోజులు బయట పనిచేస్తాడు, ఎవరి దగ్గర? మూడు, నివేదిక ఏ భాషలో రాస్తాడు, ఎవరికి చదివి వినిపిస్తాడు? ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. సేవా ప్రాజెక్టు నివేదికలు జిరాక్సు కొట్లలో తయారై బైండింగు చేయించుకుని బీరువాల్లోకి వెళ్లిపోవడం నేను చాలాచోట్ల చూశాను. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరికి ఒక్క కాగితమూ రాదు. ఊరు మనది, నీళ్లు మనవి, అంకెలు మాత్రం మనకు అందవు.

అందుకని మన సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. స్వర్ణోత్సవ గుర్తుగా ముఖద్వారం కట్టాలని కొందరు, స్టేజీ కట్టాలని కొందరు అంటున్నారు. కట్టండి, నా చందా నేనూ ఇస్తాను. వాటితో పాటు ప్రతి ఏడాదీ ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం వైపు కళాశాలల్లో చదివే డిగ్రీ విద్యార్థులు ఒక ఆరుగురిని మన ఊరికి రమ్మందాం. వాళ్లు చేయాల్సిన 180 గంటలూ ఇక్కడే చేయమందాం. బస మనం చూసుకుందాం, భోజనం మన ఇళ్లలో పెడదాం. పనేమిటో ఊరే చెప్పాలి. ఒక ఏడాది తాగునీటి పరీక్ష, ఒక ఏడాది చెరువుల్లో వాడే మందుల లెక్క, ఒక ఏడాది కాలువలోకి చేరే చెత్త. మన హైస్కూలు తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్ల వెంట సీసాలు పట్టుకుని తిరగాలి. చివర్లో నివేదిక తెలుగులో, నాలుగు పేజీలకు మించకుండా ఉండాలి. గ్రామసభలో చదవాలి. రైతు, ఇల్లాలు, కొట్టు యజమాని ప్రశ్నలు అడగాలి. జవాబు తెలియకపోతే ఆ విద్యార్థి ‘తెలియదండీ, కనుక్కుని వస్తాను’ అనడం నేర్చుకోవాలి. శాస్త్రం చదివినవాడికి అంతకు మించిన సంస్కారం లేదు.

ఖర్చు పెద్దగా కాదు. మనలో కంపెనీల్లో పనిచేసినవారున్నారు, లెక్కలు నేర్పండి. పత్రికల్లో పనిచేసినవారున్నారు, రాయడం నేర్పండి. రైతులున్నారు, చెరువు చూపించండి. ఉపాధ్యాయులున్నారు, తప్పులు దిద్దండి. విశ్వవిద్యాలయాలు కాగితం మీద పెట్టిన కోర్సుకు ప్రాణం పోయవలసింది ఊళ్లే.

పిల్లలకు ఒక్క మాట. మార్కులు బాగా వచ్చినవాళ్లు సైన్సు, మాట బాగా వచ్చినవాళ్లు వేరే అని మిమ్మల్ని మీరు రెండుగా కోసుకోకండి. రెండూ వచ్చినవాళ్ల కోసం ఈ ప్రాంతం ఎదురుచూస్తోంది. మీరు ఎక్కడ చదివినా, నేర్చుకున్నదాన్ని మీ నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. ఆవిడ తిరిగి ప్రశ్న వేసిందంటే మీకు పాఠం వచ్చినట్టే.

ఈ ప్రతిపాదనను రేపటి సర్వసభ్య సమావేశంలో చర్చకు తీసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి బృందంలో ఇద్దరు విద్యార్థుల బస, భోజనం మా ఇంట్లో. మిగిలిన నలుగురికి చేతులెత్తేవారు సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి.