ఆస్పత్రి రాసిన సాక్ష్యం
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాస పాఠం)



దుర్గాబాయమ్మ గురించి మాట్లాడేవాళ్లు కాకినాడ కాంగ్రెస్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. టికెట్ లేదని నెహ్రూను ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన చిన్నపిల్ల కథ మీకందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తాను. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెప్పిన మనిషి ఆవిడ. జైళ్లు చూసి వచ్చాక చదువుకుని, లా పట్టా పుచ్చుకుని, మద్రాసులో క్రిమినల్ లాయరుగా నిలబడ్డారు. ఆవిడే 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ తర్వాతి కాలంలో ఆస్పత్రులు కట్టింది, నర్సులకు శిక్షణ ఇచ్చింది. కోర్టు గురించీ ఆస్పత్రి గురించీ ఒకే బుర్ర ఆలోచించింది. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని పెద్దలందరి చెవినా వేశారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు.

కోర్టునూ ఆస్పత్రినీ విడివిడిగా చూడటం మనకు తర్వాత అలవాటైంది. ఆడవాళ్ల మీద హింస చరిత్ర అనగానే పోలీసు స్టేషన్, కోర్టు, పార్లమెంటు అంటాం. నేను ఈ సాయంత్రం కాజువాలిటీ వైపు నుంచి చెబుతాను. దెబ్బ తిన్న మనిషి స్టేషన్ గడప తొక్కకపోవచ్చు. విరిగిన చెయ్యి కట్టించుకోవడానికి మాత్రం ఎక్కడికో అక్కడికి రాక తప్పదు. అక్కడ డాక్టరు ఏమడిగాడు, ఏం రాశాడు, ఏది రాయకుండా వదిలేశాడు అన్నదాని మీదే చాలాసార్లు ఆమె మాట నిలబడటమో కూలిపోవడమో జరిగింది.

1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పిల్ల చనిపోయింది. పదకొండేళ్లు నిండాయో లేదో. ముప్పై దాటిన భర్త బలవంతం చేశాక రక్తస్రావంతో పోయింది. అప్పటి చట్టంలో భార్యకు పదేళ్లు దాటితే బలాత్కారం అన్న ప్రశ్నే లేదు. అందుకని అతనికి పడింది ఒక ఏడాది కఠిన శిక్ష, అదీ నిర్లక్ష్యంగా గాయపరిచినందుకు. ఆ కేసులో చావుకు కారణం చెప్పింది డాక్టర్లే. అదే కాలంలో మోనెల్ మాన్సెల్ అనే డాక్టరమ్మ తమ దగ్గరికి వచ్చిన బాలభార్యల గాయాలను జాబితాగా రాసి, యాభై అయిదుమంది మహిళా డాక్టర్ల సంతకాలతో వైస్రాయికి పంపింది. తెగిన ఒళ్లు, చచ్చుబడిన కాళ్లు, చావులు, అన్నీ పొడిపొడిగా, ఆస్పత్రి భాషలో. 1891లో సమ్మతి వయసును పది నుంచి పన్నెండుకు పెంచిన చట్టం వెనక పత్రికల వాదోపవాదాలతో పాటు ఆ జాబితా కూడా ఉంది. మతం ప్రమాదంలో పడిందని తిలక్ లాంటివాళ్లు వాదించారు. జాబితాలోని గాయాలకు మాత్రం జవాబు చెప్పినవాళ్లు తక్కువ.

దానికి కొద్ది ముందు బొంబాయిలో రఖ్మాబాయి ఉంది. పదకొండేళ్లకు పెళ్లయి, ఆ భర్త దగ్గరికి వెళ్లనంది. వెళ్లు, లేదా ఆరు నెలలు జైలుకు పో అని 1887లో కోర్టు చెప్పింది. జైలుకే పోతానంది. రాజీ కుదిరాక లండన్ వెళ్లి డాక్టరై, 1894లో తిరిగివచ్చి సూరత్‌లో, ఆ తర్వాత రాజ్‌కోట్‌లో ఆడవాళ్ల ఆస్పత్రుల్లో పనిచేసింది. కోర్టులో ఓడిన మనిషి ఆస్పత్రిని ఎంచుకోవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

అయితే ఆస్పత్రి ఎప్పుడూ ఆడదాని పక్షానే ఉందనుకుంటే పొరపాటు. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన మెడికల్ జూరిస్‌ప్రుడెన్స్ పాఠం డాక్టరుకు నేర్పిన మొదటి గుణం అనుమానం. ఫిర్యాదు అబద్ధమై ఉండొచ్చు, ఒంటి మీద పెనుగులాట గుర్తులు వెతుకు, అలవాటుపడిన శరీరమో కాదో చూడు. దీని ఫలితం మథుర కేసులో కనిపించింది. 1972 మార్చిలో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద ఇద్దరు పోలీసులు చేసిన అఘాయిత్యం అది. వైద్య నివేదికలో రెండు విషయాలున్నాయి: గాయాలు లేవు, రెండు వేళ్ల పరీక్షను బట్టి ఆమెకు ముందే లైంగిక అనుభవం ఉంది. సుప్రీంకోర్టు 1978లో ఆ రెండింటినీ చేతబట్టుకుని, ఆమె ఎదిరించలేదని తేల్చి నిందితులను వదిలేసింది. ఖాకీ బట్టల మనిషి తలుపు గడియ వేస్తే పిల్ల గోళ్లతో రక్కాలన్నమాట! 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా అధ్యాపకులు సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరని చెప్పిన ఆ లేఖ దేశమంతా ఊరేగింపులైంది.

మన ఊరు అప్పటికే భగ్గుమంది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారు. జనం శవంతో రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులు దోషులేనని చెప్పింది. కమిషన్ ముందు పోలీసుల వాదనంతా ఆమె ఎలాంటి మనిషో నిరూపించడం చుట్టూనే తిరిగింది. తర్వాత కేసు రాయచూరుకు బదిలీ అయి, పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను పలకను, 1983లో వచ్చిన సవరణ అలాంటి పేర్లు బయటపెట్టకూడదంటుంది. కస్టడీలో జరిగిన అత్యాచారంలో ఆమె సమ్మతించలేదంటే కోర్టు ముందు ఆ మాట నమ్మాలన్నది కూడా ఆ సవరణే. కానీ బాధితురాలి నడవడిక మంచిది కాదని సాక్ష్యంగా చూపే వీలు ఎవిడెన్స్ యాక్టులో 2002 దాకా అలాగే ఉండిపోయింది.

1978లోనే ఈ నగరంలో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల సంఘం పుట్టింది. ఆ రోజుల్లో కాలిన గాయాల వార్డు ఎలా ఉండేదో ఇక్కడున్న సీనియర్ సిస్టర్లు నాకన్నా బాగా చెప్పగలరు. చీటీ మీద రాసేది ఒకటే: స్టవ్ పేలింది. పంపు కొట్టే కిరోసిన్ స్టవ్‌లు అత్తగారింట్లో, అదీ కొత్త కోడలి చేతిలోనే ఎందుకు పేలేవో అడిగేవాళ్లుండేవారు కాదు. మరణ వాంగ్మూలం తీసుకోవడానికి మేజిస్ట్రేటు వచ్చేసరికి మంచం చుట్టూ అత్తవారి మనుషులుండేవారు. చంటిపిల్లను ఎత్తుకుని అత్త తలాపున నిలబడి ఉండేది. తను పోయాక ఆ పిల్లను సాకేది వాళ్లే. ఇక ఆ మనిషి ఏం చెబుతుంది? స్టవ్వే పేలిందంటుంది. స్పృహలో ఉందని డాక్టరు సంతకం పెడతాడు. కేసు అక్కడితో సరి. మంచం దగ్గర నుంచి మనుషుల్ని బయటికి పంపే అధికారం డాక్టరుకు ఎప్పుడూ ఉంది. దాన్ని వాడిన డాక్టర్ల వల్లే కొన్ని వాంగ్మూలాలు మారాయి, కొన్ని కేసులు నిలిచాయి.

1983 చివర వచ్చిన 498-ఎను మనం వరకట్నం సెక్షన్‌గానే గుర్తుంచుకున్నాం. క్రూరత్వం అంటే ఏమిటో అది చెప్పిన తీరు చూడండి: ఆమె ప్రాణానికి, అవయవాలకు, శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి హాని. ఆరోగ్యం అన్న మాట చట్టంలోనే ఉంది. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోతే శవపరీక్ష తప్పనిసరి అన్నదీ ఆ సవరణే. బతికుండగా పట్టించుకోని ఒంటిని చనిపోయాకైనా చూడాలన్నారు.

1991లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చారు. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి తెలుగులో అంత తిన్నగా మాట్లాడిన పుస్తకం అంతకు ముందు నేనెరగను. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమాన్ని మద్యనిషేధ చరిత్రలో వేసి ఊరుకున్నాం. రాత్రి తాగొచ్చి కొట్టే మొగుడి నుంచి ఒళ్లు కాపాడుకోవడానికే వాళ్లు బయటికొచ్చారు. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఖజానా లెక్కలూ దాన్ని వెనక్కి లాగాయి. వాళ్ల ఒంటి మీది దెబ్బలు తగ్గాయా లేదా అని ప్రభుత్వం ఆస్పత్రి రిజిస్టర్లు తిరగేసి చూసి ఉంటే బాగుండేది.

ఆస్పత్రే బాధ్యత తీసుకోవాలన్న ఆలోచన మన దేశంలో నిలకడగా రూపుకట్టింది బొంబాయిలో. 2000 ప్రాంతంలో బాంద్రా భాభా మునిసిపల్ ఆస్పత్రిలో సేహత్ అనే సంస్థా నగరపాలక సంస్థా కలిసి ‘దిలాసా’ తెరిచాయి. పని చెప్పుకోవడానికి చిన్నదే. మెట్ల మీంచి పడ్డానని వచ్చిన మనిషి గాయం ఆ మాటకు సరిపోకపోతే, పొరపాటున ఎలకల మందు తాగానని చెబితే, అదే నొప్పితో మళ్లీ మళ్లీ వస్తుంటే, నర్సు ఆమెను వెంట వచ్చినవాళ్ల నుంచి కాసేపు వేరుచేసి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడగాలి. చెప్పిందాన్ని ఆమె మాటల్లోనే, ఎవరు కొట్టారో పేరుతో సహా కాగితం మీద పెట్టాలి. పక్క గదిలో సలహాదారు ఉంటుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లడం ప్రమాదమైతే మంచం ఇచ్చి ఉంచుకోవచ్చు. ఇందుకు శిక్షణ ఇచ్చినవాళ్లలో ఆ ఆస్పత్రి నర్సులూ డాక్టర్లూ ఉన్నారు. తర్వాత అది ఆ నగరంలోని మరికొన్ని ఆస్పత్రులకు పాకింది. కేరళ జిల్లా ఆస్పత్రుల్లో ‘భూమిక’ పేరుతో కేంద్రాలొచ్చాయి.

2005 గృహహింస చట్టం ఆస్పత్రిని నేరుగా పిలిచింది. బాధితురాలు అడిగితే వైద్యం చేయక తప్పదు, ఫారాలు లేవని తిప్పి పంపకూడదు. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ నెల తిరక్కుండా నివేదిక ఇచ్చింది. దాని వెంట వచ్చిన 2013 సవరణతో ప్రభుత్వ ఆస్పత్రైనా, ప్రైవేటైనా ఉచితంగా వెంటనే చికిత్స చేయాలి, కాదంటే ఏడాది దాకా జైలు. 2013లోనే రెండు వేళ్ల పరీక్ష స్త్రీ గౌరవాన్ని భంగపరిచేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలిచ్చింది. పరీక్ష చేయడానికి పోలీసుల కాగితం అక్కర్లేదు. ఆమె కాదంటే పరీక్ష చేయకూడదు, చికిత్స మాత్రం ఆపకూడదు. హెచ్ఐవీ సోకకుండా మందు 72 గంటల్లోపు పడాలి. అయినా ఆ రెండు వేళ్లు వదల్లేదు. 2022 అక్టోబరులో జస్టిస్ చంద్రచూడ్, మన హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లిన జస్టిస్ హిమా కోహ్లీ కలిసి, ఆ పరీక్ష చేస్తే దుష్ప్రవర్తనగా పరిగణిస్తామనీ, పాఠ్యాంశాల్లోంచి తీసేయమనీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను, క్షమించండి. 2008లో వరంగల్ యాసిడ్ దాడి తర్వాత, 2019లో ఒక యువతి మీద అత్యాచారం, హత్య తర్వాత చటాన్‌పల్లిలో, నిందితుల ఎన్‌కౌంటర్లు జరిగితే మనం పోలీసుల మీద పూలు చల్లాం. చటాన్‌పల్లిది బూటకమని సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. యాసిడ్ పడిన ముఖాన్ని వెంటనే ఎంతసేపు నీళ్లతో కడగాలి, ఎన్ని ఆపరేషన్లు కావాలి, ఆ ఖర్చెవరిది అని ఆ ఊరేగింపుల్లో ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఈ నగరంలో 2014 నుంచి షీ టీములున్నాయి, 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది, జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. మంచివే. వాటికి వచ్చేవాళ్లు అప్పటికే ఎవరికో ఒకరికి చెప్పుకోగలిగినవాళ్లు.

చెప్పుకోలేనివాళ్లెందరో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ 84 శాతం దరిదాపుల్లో ఉన్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం కోరింది 14 శాతమే. వాళ్లూ వెళ్లింది ఎక్కువగా పుట్టింటికి. డాక్టరుకు చెప్పుకున్నవాళ్లు అందులో అతి కొద్దిమంది. కానీ మిగతావాళ్లలో చాలామంది గర్భిణీ పరీక్షలకు వచ్చారు, పిల్లల టీకాలకు వచ్చారు, నడుం నొప్పికి వచ్చారు. మన ఏఎన్ఎం వాళ్ల బీపీ చూసింది, బరువు చూసింది, ఐరన్ మాత్రలిచ్చింది. అడగాల్సిన ప్రశ్నకు ఆమె రిజిస్టర్‌లో గడి లేదు. గడి పెడితే సరిపోదు. అడిగాక ఏం చేయాలో ఆమెకు తెలియాలి, పంపడానికి ఒక చోటుండాలి, అత్త బయట కూర్చున్నప్పుడు మాట్లాడటానికి తలుపున్న గది కావాలి.

చివరిగా ఒక తీర్పు. 2022 సెప్టెంబరులో గర్భస్రావ చట్టం మీద విచారణలో సుప్రీంకోర్టు, భర్త బలవంతం వల్ల గర్భం వచ్చిన స్త్రీని అత్యాచార బాధితురాలిగానే ఎంచి 24 వారాల దాకా గర్భస్రావానికి అర్హురాలిగా చూడాలంది. ఆమె ఎఫ్ఐఆర్ తేనక్కర్లేదు, ఆమె మాట చాలు. అది ఆ చట్టం వరకేనని కోర్టు అక్కడే గీత గీసింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపును అలాగే ఉంచింది. ఈ రోజు మన ప్రసూతి వార్డులో డాక్టరు నమ్మి వైద్యం చేసే ఆ మాటను, రోడ్డుకవతల ఉన్న స్టేషన్‌లో అత్యాచారం కేసుగా రాసుకోవడానికి సెక్షన్ లేదు.