మన నేల, మన బడి గోడలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సివిల్ ఇంజనీరును కాబట్టి నాలుగు మాటలు కట్టడాల గురించే చెబుతాను.

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మన కొత్తగూడెంలోనూ ఇళ్లలో గిన్నెలు కదిలాయి. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అనుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రాణనష్టం లేదు. కొద్ది రోజుల్లోనే మరిచిపోయాం.

అంతకుముందు 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. రెండింటికీ మధ్య 55 ఏళ్లు. అంత ఎడం ఉంటే, మన వైపు భూకంపాలు రావన్న నమ్మకం కుదిరిపోతుంది.

కారణం మాత్రం మన కాళ్ల కిందే ఉంది. కోట్ల ఏళ్ల క్రితం గోదావరి వెంట నేల చీలి, మధ్య భాగం కుంగింది. ఆ పల్లంలో మేటవేసిన పొరల్లోనే సింగరేణి బొగ్గు ఏర్పడింది. భారత భూఫలకం ఇప్పటికీ ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర ఒత్తుకుంటోంది. ఆ ఒత్తిడికి పాత చీలికలు ఎప్పుడో ఒకసారి కదులుతాయి. మనకు అన్నం పెట్టిన బొగ్గు, ఈ ప్రకంపనలు ఒకే ఇంటివి. 2002 నాటి భూకంప పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే, ఖమ్మం, భద్రాచలం ప్రాంతం మూడో జోన్‌లో ఉంది.

తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 వచ్చింది. అక్కడా భూకంపం వస్తుందని ఎవరూ అనుకోలేదు. మట్టితో పేర్చిన రాతి గోడలు, బరువైన మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలి వేలమంది పోయారు.

ములుగు కదలిక మూడు గంటలు ఆలస్యమై ఉంటే పిల్లలు తరగతుల్లో ఉండేవారు. మన పాత బ్లాకువి ఇటుక గోడలు. కిటికీల పైన గోడలన్నిటినీ కలిపి పట్టి ఉంచే కాంక్రీటు పట్టీ లేదు. పిట్టగోడకు బీటలున్నాయి.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కడదామన్నారు. దానికి నేనూ చందా ఇస్తాను. ముందు మాత్రం పాత బ్లాకును నిపుణులతో పరీక్ష చేయిద్దాం. పిట్టగోడ సరిచేయడం, బీరువాలను గోడకు బిగించడం పెద్ద ఖర్చేమీ కాదు. కదిలినప్పుడు బల్ల కిందకు దూరి తల కాపాడుకోవడం, ఆగాక వరుసగా మైదానంలోకి రావడం, ఈ రెండూ గురువులు పిల్లలతో ఏటా సాధన చేయించాలని మనవి.

పరీక్ష ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. హెడ్మాస్టరు గారు తేదీ చెబితే చాలు, మా వాళ్లం వస్తాం. సెలవు.