మూలపత్రం ఏదిరా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, టెక్నాలజీ గురించి ఏదన్నా మాట్లాడు" అన్నారు. పెద్ద చదువులు చదివి పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను ప్రొద్దుటూరు గాంధీ రోడ్డు వెనక సందులో డీటీపీ సెంటరు పెట్టుకుని బతికినవాణ్ణి. పెండ్లి పత్రికలు, బట్టల అంగళ్ల బిల్లు పుస్తకాలు, ఎన్నికలప్పుడు కరపత్రాలు. ఇదీ నా టెక్నాలజీ. ఇరవై ఏళ్లుగా లినక్స్ వాడుతున్నాను. దాని మీద నాకు కాస్త పిచ్చి ఉందని మా ఇంట్లోవాళ్లు అంటారు, నేను కాదనను. అందుకని ఒక్క సంగతే మాట్లాడతాను. మన కంప్యూటర్లో ఉన్నది మనదేనా?

ఈ అనుమానం నాకు పట్టుకుంది మన సంఘం పుణ్యాననే. 2000లో రజతోత్సవ సంచికకు అక్షరాలు కూర్చింది నేనే. ఆ రోజుల్లో తెలుగు టైపు చెయ్యాలంటే ఒక సాఫ్ట్‌వేరు కొనాలి. దాంతోపాటు చిన్న డబ్బా ఒకటి ఇచ్చేవాళ్లు. కంప్యూటరు వెనక, ప్రింటరు వైరు పెట్టే చోట తగిలించాలి. మేమంతా దాన్ని 'లాక్' అనేవాళ్లం. తగిలిస్తే తెలుగు వస్తుంది, పీకితే రాదు. కంపెనీ పేరు చెప్పను. అప్పు చేసి కొన్నాను. నాలుగేళ్లకు లాక్ చెడిపోయింది. ఫోను చేస్తే "ఆ వెర్షను ఆపేశాం, కొత్తది కొనండి" అన్నారు. "నేను డబ్బు పెట్టి కొన్నాను కదా" అంటే, "మీరు కొన్నది వాడుకునే హక్కు మాత్రమే సార్" అన్నారు. ఆ అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది. చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. డబ్బా మీది కాగితంలో సన్నటి అక్షరాల్లో అదే రాసి ఉంది. నేనే చదవలేదు.

లాక్ లేకుండా నడిచే దొంగ కాపీ తెచ్చిస్తామని బజార్లో ఇద్దరు ముందుకొచ్చారు. వద్దన్నాను. మంచివాణ్ణని కాదు, ఒకరి తాళం పోయి ఇంకొకరి మారు తాళం చేతికొస్తే నాకు ఒరిగేదేమీ లేదనిపించింది. ఆ సమయంలోనే పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ ఒకటి దొరికింది. తర్వాత ఉబుంటు వాళ్లకు చిరునామా పంపితే పైసా అడక్కుండా పోస్టులో సీడీలు పంపారు. విదేశీ స్టాంపులున్న కవరు చూసి మా పోస్టుమాన్ "అల్లుడెవరన్నా అమెరికాలో ఉన్నాడా సామీ" అని అడిగాడు. నా కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు.

లినక్స్ కథ మీకు తెలిసిందే అయినా రెండు ముక్కలు. 1969లో అమెరికాలో బెల్ లాబ్స్ అనే చోట యూనిక్స్ పుట్టింది. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి అదే పద్ధతిలో నడిచే కొత్తదాన్ని సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. 1992లో దాన్ని జీపీఎల్ అనే షరతుల కింద పెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చినదాన్ని పంచితే మాత్రం అవే షరతులతో పంచాలి. చాలామంది లినక్స్‌ను ఎవరికీ చెందని సరుకు అనుకుంటారు. అట్లా కాదు. అది పోరంబోకు కాదు, పట్టా భూమే. పట్టాదారులు వేలమంది ఉన్నారు, అంతే.

ఆ పట్టా మీదే 2003 మార్చిలో వ్యాజ్యం వచ్చింది. అమెరికాలో ఎస్‌సీఓ అనే కంపెనీ, "యూనిక్స్ మాది, దాన్ని ఐబీఎం తీసుకెళ్లి లినక్స్‌లో కలిపింది" అని 100 కోట్ల డాలర్లకు దావా వేసింది. తర్వాత ఆ అంకెను 500 కోట్ల దాకా పెంచింది. 1500 పెద్ద కంపెనీలకు హెచ్చరిక ఉత్తరాలు రాసింది. లినక్స్ వాడే ఒక్కో సర్వరుకు 699 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోవాలంది. మన డబ్బుల్లో అప్పటికది 30 వేలు దాటుతుంది. ఊరికే వచ్చిన సీడీ పెట్టుకున్న నేను కూడా భయపడ్డాను. సందులో డీటీపీ వాడి దగ్గరకు అమెరికా అమీనా రాడని తెలుసు గానీ, భయానికి ఆ లెక్కలుండవు.

మా బ్యాచ్ మిత్రుడొకడు జమ్మలమడుగులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాస్తాడు. అడుగో, మూడో వరసలో తల దించుకున్నాడు. ఒక ఆదివారం గండికోట పోతూ వాడికి ఈ వ్యవహారమంతా చెప్పాను. కంప్యూటర్ అంటే వాడికి ఒక్క ముక్క తెలియదు. అంతా విని ఒకటే అడిగాడు: "మూలపత్రం ఏదిరా? లింకు డాక్యుమెంట్లు చూసినారా?"

సరిగ్గా అక్కడే ఉంది వ్యవహారం. యూనిక్స్‌ను ఏటీ అండ్ టీ నుంచి 1993లో నోవెల్ అనే కంపెనీ కొన్నది. 1995లో నోవెల్ ఆ వ్యాపారాన్ని శాంటాక్రజ్ ఆపరేషన్ అనే కంపెనీకి అమ్మింది. దాని నుంచి 2001లో కాల్డెరా కొన్నది. ఆ కాల్డెరానే పేరు మార్చుకుని ఎస్‌సీఓ అయింది. 1995 నాటి కాగితం తెరిచి చూస్తే, అమ్మకంలో చేరని ఆస్తుల పట్టికలో కాపీరైట్లు ఉన్నాయి. పైగా పాత లైసెన్సుల మీద వచ్చే రాయల్టీలో 95 శాతం నోవెల్‌కే కట్టాలి, వసూలు చేసి పెట్టినందుకు 5 శాతం వీళ్లకు. ఇది తర్వాత ఎప్పుడో తెలిసి మావాడికి చెబితే నవ్వాడు. "బోరు, మోటరు, కాపుకొచ్చిన చెట్లు అమ్మినాడు. భూమి మాత్రం చేరదని షెడ్యూల్లో రాసుకున్యాడు. గుత్త వసూలు చేసి నూటికి తొంభై అయిదు పాతాయనకు కట్టేటోడు సొంతదారు ఎట్లయితాడ్రా?"

అమెరికా న్యాయస్థానాలకు మావాడంత తొందరగా తేలలేదు. 1996లో రాసుకున్న ఒక సవరణ పత్రంలో మాటలు మెలికగా ఉన్నాయి. ఆ మెలిక మీదే ఏళ్లు గడిచాయి. 2007 ఆగస్టులో జడ్జి కాపీరైట్లు నోవెల్‌వే అన్నాడు. మరుసటి నెలే ఎస్‌సీఓ దివాలా పిటిషను వేసింది. పై కోర్టు మళ్లీ విచారించమంటే 2010 మార్చిలో జ్యూరీ కూడా నోవెల్‌వే అంది. ఐబీఎం మీద మిగిలిన దావా మాత్రం 2021 దాకా సాగి, కోటీ నలభై రెండున్నర లక్షల డాలర్లకు రాజీ అయింది. అడిగింది 500 కోట్లు. పద్దెనిమిదేళ్లు. మన జమ్మలమడుగు కోర్టులో పొలం దావాలు ఆలస్యమవుతాయని ఎవరన్నా అంటే ఈ కథ చెప్పండి.

ఈ దావాలో నాకు బాగా నచ్చిన మనిషి పమేలా జోన్స్. న్యాయవాదుల దగ్గర సహాయకురాలిగా పనిచేసినామె. గ్రోక్‌లా అనే పేరుతో ఆ కోర్టు కాగితాలన్నీ ఒకచోట పెట్టి, ఏ పేజీలో ఏముందో మామూలు జనానికి విడమరిచి చెప్పింది. లోకంలో ఎక్కడెక్కడివాళ్లో పాత పుస్తకాలు, పాత ఒప్పందాలు వెతికి ఆమెకు పంపారు. "మాది" అని అరిచినవాణ్ణి "కాగితం చూపించు" అని అడిగి, ఆ కాగితాన్ని అందరూ కలిసి చదివారు.

పులివెందులలో చీనీకాయల వ్యాపారం చేసే ఇంకో మిత్రుడి అనుమానం వేరు. "ఊరికే ఇచ్చేదాంతో కంపెనీలు ఎట్లా బతుకుతాయిరా?" బాగానే బతుకుతున్నాయి. ఐబీఎం 2019లో రెడ్‌హ్యాట్ అనే లినక్స్ కంపెనీని 3400 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. కాయలు ఊరికే వచ్చినా ఏరి, గ్రేడు కట్టి, చెడిపోకుండా చేర్చే పనికి డబ్బిచ్చేవాళ్లు ఉంటారు కదా. వ్యాపారం చేసుకోవడంలో తప్పు లేదు. కానీ అదే రెడ్‌హ్యాట్ 2023లో తన ప్రధాన సరుకు మూలకోడును కొనుగోలుదారులకు తప్ప బయటకు ఇవ్వడం తగ్గించింది. చట్ట ప్రకారం చెల్లుతుందని వాళ్ల వాదన. చెల్లవచ్చు. నా మనసుకు మాత్రం సరిపోలేదు. లినక్స్ వాళ్లంతా పుణ్యాత్ములు, మిగతావాళ్లు దొంగలు అనే మాట నేను అనను.

మైక్రోసాఫ్ట్‌నే చూడండి. 2001లో దాని అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో సత్య నాదెళ్ల గారు వచ్చాక తమ కంపెనీకి లినక్స్ అంటే ప్రేమ అన్నారు. 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యులయ్యారు. వాళ్ల నాన్నగారు యుగంధర్ గారి ఊరు మన పక్క అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురమని తెలిసినప్పటి నుంచి, మావాళ్లు ఆయన్ను కాస్త మన బంధువుల్లో కలిపేసుకున్నారు. మనిషి మారాడు కాబట్టి మాట మారింది అనుకోవచ్చు. నాకైతే అద్దెకిచ్చే సర్వర్లలో లినక్స్ లేకుండా వ్యాపారం నడవని కాలం వచ్చింది కాబట్టి మారింది అనిపిస్తుంది. కంపెనీ ప్రేమను కంపెనీ లెక్కల పుస్తకంతో కలిపి చదవాలి.

ఒరాకిల్, గూగుల్ తగాదా ఇంకో రకం. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లినక్సే. దాని మీద ప్రోగ్రాములు రాయడానికి జావా పద్ధతి పెట్టారు. జావా సొంతదారైన ఒరాకిల్ 2010లో దావా వేసింది. దాదాపు 11,500 పంక్తుల గురించి పదేళ్లకు పైగా కొట్లాడి, 2021 ఏప్రిల్లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాడకం న్యాయమైనదేనంది. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదు. ఇద్దరూ కోటీశ్వరులే కాబట్టి నేను ఎవరి పక్షమూ పట్టలేదు. కానీ తీర్పు తిరగబడి ఉంటే, ఒకరి ప్రోగ్రాముతో మాట్లాడగలిగే ఇంకో ప్రోగ్రాము రాయడానికే చిన్నవాళ్లు భయపడేవాళ్లు.

మన సంచిక దగ్గరకు వస్తాను. ఈ స్వర్ణోత్సవ సంచికలో రజతోత్సవం నాటి తెలుగు అయ్యవారి వ్యాసాన్ని మళ్లీ వేద్దామని సంపాదక వర్గం అనుకుంది. అయ్యవారు ఇప్పుడు లేరు. అచ్చు ప్రతి కోసం వెతికితే బడి బీరువాలో ఒక్కటి దొరికింది. సగం చెద తిన్నది. అయ్యవారి వ్యాసం ఆ సగంలోనే ఉంది. నా దగ్గర సీడీ భద్రంగా ఉంది, ఫైలు తెరుచుకుంది కూడా. తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు.

ఎందుకంటే ఆనాటి సాఫ్ట్‌వేరు తెలుగును తెలుగుగా దాచలేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టింది. తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట. ఏ ముక్క ఎక్కడో ఆ కంపెనీకే తెలుసు, ఇంకో కంపెనీది ఇంకో వరస. ప్రతి తెలుగు అక్షరానికి లోకమంతటికీ ఒకటే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో 1991లోనే మన లిపికి చోటు దొరికింది గానీ, అది మా సందు దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం మంచివాళ్లు దొరికారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి స్వేచ్ఛగా ఇచ్చారు. లినక్స్‌తోపాటే అవి వచ్చేవి. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు రామభద్ర, మండలి, ధూర్జటి, గిడుగు వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు. ఈ సంచిక శీర్షికలు రామభద్రలోనే కూర్చాను. ఎవరి లాకూ లేదు.

పాత ఫైలు తెరవడానికి నాకు దారి చూపింది కడప. 1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. వేమన పద్యాల ప్రతులు ఎన్నో తెప్పించి, ఒకదానిపక్కన ఒకటి పెట్టి పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. ఒక ప్రతిలో చెడింది ఇంకో ప్రతిలో మిగిలింది కాబట్టే అది సాధ్యమైంది. నా దగ్గర రెండే ఉన్నాయి, చెద తినని సగం అచ్చు పేజీలు, పిచ్చిగీతల ఫైలు. అచ్చులో "పాఠశాల" ఉన్నచోట ఫైల్లో ఏ గీతలున్నాయో చూసి పట్టిక రాసుకున్నాను. రోజూ రాత్రి అంగడి మూశాక రెండు గంటలు, పందొమ్మిది రోజులు. చిన్న ప్రోగ్రాము రాసి ఆ పట్టికను దానికి ఇచ్చాను. మొదటిసారి నడిపినప్పుడు అయ్యవారి వాక్యం తెర మీద పడింది, బండి ఱతో సహా. ఆయన "ఱ" వదిలి "ర" రాస్తే మార్కు తగ్గించేవారు, గుర్తుందా?

వ్యాసం ఈ సంచికలో ఉంది, చదవండి. నేను రాసుకున్న పట్టిక, ప్రోగ్రాము, రెండు సంచికల యూనికోడ్ ఫైళ్లు ఇవాళ హెడ్మాస్టరు గారికి ఒక పెన్‌డ్రైవులో ఇస్తున్నాను. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే కంపెనీ అక్షరాల్లో ఇరుక్కున్న పాత పత్రికలు, మీ నాన్నల పద్యాలు, దేవాలయాల చరిత్రలు మీ ఇళ్లలో ఉంటే తెచ్చివ్వండి. డబ్బు తీసుకోను.

ఒక్క లోటు మిగిలింది. వ్యాసం మూడో పేజీలో, వాన రోజున పెన్నేరు దాటి తడిసి ముద్దయి బడికొచ్చిన ఒక పిల్లవాడి గురించి అయ్యవారు రాశారు. వాడికి ఆయనే పెట్టిన ముద్దుపేరు మధ్యలో ఒక ఒత్తు ఉంది. ఆ ఒత్తుకున్న గీత ఫైలు మొత్తంలో ఇంకెక్కడా రాలేదు. పోల్చడానికి అచ్చు పేజీ లేదు. ఊహించి ఏదో ఒకటి పెట్టవచ్చు. కానీ పేరు కదా, అందుకని చుక్కలు పెట్టి వదిలేశాను. ఆ పిల్లవాడికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఈ హాల్లో ఉంటే, భోజనాల దగ్గర ఒకసారి కనబడండి సార్.