పారే దూడకు ముందు పట్టాల్సింది నీళ్లు

ఈనిన నెల లోపు దూడకు పారుడు పట్టుకుంటే పాడి రైతు ఇళ్లలో మామూలుగా రెండు పనులు జరుగుతాయి. పాలు ఆపేస్తారు, సూది వేయిస్తారు. రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే: లోపలికి పోయేది తగ్గితే బయటికి వచ్చేది తగ్గుతుంది, పురుగు చస్తే పారుడు కట్టుకుంటుంది. వినడానికి సబబుగానే ఉంది. కానీ పారుడుతో చనిపోయే దూడల్లో ఎక్కువ భాగం ప్రాణం పోయేది ఒంట్లోంచి నీరూ లవణాలూ జారిపోయి, రక్తం పులిసిపోయి. దూడ బరువులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా నీరే. అందులో ఐదు పాళ్లు పోయేదాకా పైకి పెద్దగా ఏమీ కనపడదు. ఎనిమిది పాళ్లు పోయేసరికి కళ్లు గుంటలు పడతాయి, మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోదు, దూడ లేవడానికి బద్ధకిస్తుంది. పన్నెండు దాటితే బతకడం కష్టం. 30 కిలోల దూడ ఎనిమిది పాళ్లు కోల్పోయిందంటే దాదాపు రెండున్నర లీటర్ల నీరు పోయినట్టు. అంత నీటిని ఏ సూదిమందూ తిరిగి తేలేదు.

అయితే తాగించిన నీళ్లు కూడా పారిపోతాయి కదా అన్నది సహజంగా వచ్చే సందేహం. ఉత్త నీళ్లయితే చాలావరకు అంతే. ఉప్పులోని సోడియం, గ్లూకోజు తగు పాళ్లలో కలిసి వచ్చినప్పుడు మాత్రం జబ్బుపడిన పేగు కూడా రెండింటినీ జంటగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీరూ పోతుంది. దీనికి పెద్ద రుజువు మనుషుల్లోనే దొరికింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల తరలివచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా కలిపి రోగుల బంధువుల చేతే తాగించింది. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ కొలతలోని సోడియం దూడకూ సరిపోయే పాళ్లలోనే ఉంది. ఇవాళ మందుల షాపులో మనుషులకు అమ్మే ఓఆర్‌ఎస్ పొట్లంలో అది కొంచెం తక్కువ. రాత్రిపూట అదొక్కటే దొరికితే వాడుకోవచ్చు, కానీ దూడల కోసమే చేసిన పొడి మేలు.

ఇంట్లో కలుపుకునేవాళ్లు ఒక విషయం గమనించాలి. పసిబిడ్డకు పంచదార నీళ్లు పనిచేశాయని దూడకూ పంచదార, బెల్లం కలిపి పడతారు. పాలదూడ పేగులో పంచదారను విడగొట్టే రసం ఉండదు. అరగని తీపి పేగులోకి ఇంకా నీటిని లాగి పారుడును పెంచుతుంది. గంజి సంగతీ దాదాపు అంతే, పిండిపదార్థం అరిగించుకునే శక్తి ఆ వయసులో చాలా తక్కువ. కనుక గ్లూకోజు పొడే కావాలి. సోడా అంటే వంట సోడా, బట్టల సోడా కాదు. ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం తీస్తుంది కాబట్టి చేతి అందాజు పనికిరాదు, తూచాలి. పూటకు లీటరున్నర, రెండు లీటర్ల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చగా తాగించండి. తలెత్తిపట్టి వెదురు గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పాలపీక బిగించిన సీసా మేలు.

ఇక పాలు. ఒకరోజు రెండురోజులు పాలు ఆపమని ఒకప్పుడు పశువైద్యులే చెప్పేవారు, రైతును తప్పుపట్టడానికి లేదు. పాలు తాగిస్తే పేడ కొంత ఎక్కువగా పడే మాట కూడా నిజమే. అయినా దెబ్బతిన్న పేగు పొర మళ్లీ కట్టుకోవాలంటే ఆహారం కావాలి. ఉప్పు గ్లూకోజు నీళ్లలో ఉన్న బలం దూడకు ఒక పూటకైనా చాలదు. పాలు మాన్పించిన దూడ పారుడు తగ్గినట్టు కనిపిస్తూనే ఆకలితో కూలిపోతుంది. రోజుకు బరువులో పదో వంతు పాలను మూడు నాలుగు విడతలు చేసి ఇవ్వాలి. సోడా ఉన్న నీళ్లను పాలతో కలపకూడదు, కడుపులో పాలు సరిగా గడ్డకట్టవు. రెండు గంటల ఎడం ఉంటే చాలు. ఎలాగూ అమ్మకానికి పోవాల్సిన పాలు కదా అని దున్నదూడల విషయంలో మరీ తొందరగా ఆపేస్తారు. అది వైద్యం పేరుతో చేసే పొదుపు.

మరి సూది అక్కర్లేదా? పుట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో వచ్చే పారుడు తరచు ఈకోలై బాక్టీరియా వల్ల. తర్వాత రెండు వారాల్లో రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి ముఖ్యం. ఈ చివరి మూడింటి మీద మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు. జ్వరం, పేడలో రక్తం, బాగా నీరసం ఉంటే అవి అవసరమే, ఆ నిర్ణయం డాక్టరుది. గేదె దూడల్లో తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి, బూడిదరంగు మట్టిలాంటి పేడ పడితే పాముల మందు వేయాలి. దానిమ్మ తొక్క వంటి నాటు మందులు పేడను గట్టిపరచవచ్చు గానీ పోయిన నీటిని పూడ్చవు. నీళ్లు పట్టడం వీటన్నింటికీ బదులు కాదు, కానీ కారణం ఏదైనా మొదటి గంటలో చేయాల్సింది అదే.

అసలు పారుడు తీవ్రత ఈనిన నాడే సగం తేలిపోతుంది. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు కడుపులో ఉన్న దూడకు అందవు, ముర్రుపాల ద్వారానే రావాలి. దూడ పేగు వాటిని పీల్చుకునే తలుపు గంట గంటకూ మూసుకుంటూ ఇరవై నాలుగు గంటల్లో పూర్తిగా మూతపడుతుంది. మాయ పడేదాకా ముర్రుపాలు పట్టకూడదన్న పట్టింపు అందుకే ఖరీదైనది. ముర్రుపాలు ఎక్కువైతే పారుతుందన్న భయం కన్నా, అందక వచ్చే చేటు చాలా పెద్దది.

నోటి వైద్యానికీ హద్దు ఉంది. దూడ నోట్లో వేలు పెడితే చీకకపోతే, నోరు చల్లబడితే, నిలబడలేకపోతే తాగించడం కోసం సమయం పోగొట్టకండి. పులిసిన రక్తాన్ని సరిచేయడానికి రక్తనాళం ద్వారా సెలైన్, సోడా ఎక్కించాలి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి, దూడ వయసు, ఎన్నాళ్లుగా పారుతోందో, చీకుతోందో లేదో, నిలబడుతోందో లేదో ముందే చెప్పండి. పారే దూడను తాకిన చేతులు సబ్బుతో కడగండి, కొన్ని సూక్ష్మజీవులు మనుషులకూ అంటుతాయి. చూడి పశువు ఈనే నెలలోనే దూడల కోసం చేసిన ఆ పొడి నాలుగు పొట్లాలు, ఒక పాలపీక కొని ఇంట్లో పెట్టుకోండి.