మాత్ర వేసే ముందు రక్తపరీక్ష



మా అనంతపురంలో ఎండలు ముదిరాయంటే ఏ జ్వరాన్నయినా ఎండదెబ్బ కింద జమకట్టేస్తాం. కిందటేడు మా వీధిలో ఒక పదిహేనేళ్ల అమ్మాయి విషయంలోనూ అలాగే జరిగింది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటలు, అన్నం సయించేది కాదు. తల్లి మందుల షాపులో మాత్రలు కొనుక్కొచ్చి వేసేది. నాలుగు రోజులు తగ్గేది, మానగానే మళ్లీ వచ్చేది. ఇలా ఆరు వారాలు! ఆ పిల్లకు పుట్టుకతోనే గుండెలో చిన్న రంధ్రం ఉంది. "దాంతో ఏం భయం లేదన్నారు గదక్కా, జరానికీ గుండెకూ ఏం సంబంధం?" అంది తల్లి నాతో.

సంబంధం ఉందండీ. గుండె గోడకు రంధ్రం ఉన్నా, మూడు రేకులుండవలసిన కవాటం రెండింటితోనే పుట్టినా, కీళ్లజ్వరం వచ్చి కవాటం ముడుచుకుపోయినా, నెత్తురు సాఫీగా సాగక చిమ్మినట్టు పోయి లోపలి పొరను గీరుతుంది. గీరుకున్నచోట సన్నగా గడ్డ కడుతుంది. పుచ్చిన పంటినుంచో, చర్మంమీది పుండునుంచో నెత్తురులో చేరిన క్రిములు అక్కడ గూడు పెడతాయి. దీన్ని ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. 1885లో విలియం ఆస్లర్ అనే డాక్టరు లండనులో దీన్ని గురించి ఉపన్యాసాలిచ్చేనాటికి, వచ్చినవాళ్లు బతకడం చాలా అరుదు. పెన్సిలిన్ వచ్చాకే ఆశ కలిగింది.

ఏ క్రిమో తెలియడానికి మూడుసార్లు విడివిడిగా రక్తం తీసి కల్చర్‌కు పెడతారు. యాంటీబయాటిక్ ముందే మింగి ఉంటే క్రిమి అందులో పెరగకపోవచ్చు. కాగే పాలలో తోడువేస్తే పెరుగు అవుతుందా? కాదు కదా, ఇదీ అంతే. గుండెలోని గూడు మాత్రం అలాగే ఉంటుంది. మనకు మహా తొందర, ఒక మాత్ర వేస్తే పోలేదా అని!

తర్వాత ఎకో. మొదటినుంచీ తేడాగా ఉన్న గుండెలో ఏది పాత లోపమో, ఏది కొత్త గూడో పోల్చుకోవడం డాక్టర్లకే కష్టం. ఛాతీమీదినుంచి తీసినదాంట్లో కనిపించకపోతే, గొంతులోంచి సన్నని గొట్టం దింపి గుండె వెనకనుంచి చూస్తారు. అప్పటికీ అనుమానం తీరకపోతే వారం లోపల మళ్లీ తీస్తారు. అందుకే చిన్ననాటి ఎకో కాగితాలు పాతసామాన్లవాడికి వెయ్యకండి.

వైద్యమంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు నరంలోకి ఇంజెక్షన్లు. జ్వరం దిగిందని మధ్యలో ఇంటికి తెచ్చుకోకూడదు. కవాటం చెడితే ఆపరేషనే. ఖర్చు సంగతంటారా, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లకు డబ్బు తీసుకోరు.

పన్ను తీయించుకునేముందు గుండె సంగతి డెంటిస్టుకు చెప్పండి. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకూ, ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్లకూ, పుట్టు లోపంవల్ల ఒళ్లు నీలంగా ఉండేవాళ్లకూ ముందుగా మందు ఇస్తారు. తక్కినవాళ్లకు రోజూ పండ్లు శుభ్రంగా తోముకోవడమే ముఖ్యం.

మా వీధి అమ్మాయికి ఆరు వారాలూ ఇంజెక్షన్లు పూర్తయ్యాయి. పుచ్చుపన్నూ తీసేశారు. మొన్న ఆ తల్లి బీరువా తెరిచి, పట్టుచీర మడతలో దాచిన ఎకో కాగితాలు చూపించింది.